చప్పుడు చేసే చెయ్యి

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నా కుడిచెయ్యి చప్పుడు చేసేది. మణికట్టు దగ్గర మొదలై ఉంగరపువేలి దాకా చర్మం కింద ఏదో ఆగకుండా కొట్టుకునేది. అరచేతిని చెవికి ఆనించుకుంటే తేనెపట్టు దగ్గర నిలబడినట్టు జుమ్మని రొద వినిపించేది. ఒళ్ళంతా చలికి వణికే పూట కూడా ఆ చెయ్యి వెచ్చగా ఉండేది. దాన్ని జబ్బని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ఊళ్ళో అసలే అనుకోలేదు.

మాది బస్తర్‌లో బాసగూడకు అవతల, తాలిపేరు వాగు ఒడ్డున ఉన్న ఊరు. మా తాతల కాలంలో ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ మా ఇంటి మాట మీద నడిచేవి. ఇప్పుడు మిగిలింది కొంచెం వరి పొలం, కొన్ని ఇప్పచెట్లు, సగం కప్పు కూలిన ఇల్లు, ఆ ఇంటికి ఇంకా బింకంగా నిలబడి ఉన్న టేకు దర్వాజా. అడవిలో తుపాకుల గొడవల కాలంలో ఊరు ఖాళీ అయింది. చాలామందిమి సరిహద్దు దాటి తెలంగాణ వైపు వెళ్ళి, ఏళ్ళ తర్వాత తిరిగి వచ్చాం. వచ్చాక మా ఇంటికి మళ్ళీ దక్కినది ఒక్కటే. విత్తనాల పండుగనాడు తొలి చెయ్యి.

తొలి చెయ్యి అంటే ఇది. వానలకు ముందు, భూమిలో ఒక్క గింజ పడక ముందు, ఊరివాళ్ళంతా తమ విత్తనాల బుట్టలు తెచ్చి ఊరి దేవత తల్లి గద్దె ముందు పెడతారు. మా ఇంటి పెద్దకొడుకు ప్రతి బుట్టలోనూ కుడిచెయ్యి పెట్టి గింజల్ని ఒకసారి కలపాలి. తర్వాత ఆ ఏడు పుట్టిన పిల్లల తలల మీద అదే చెయ్యి ఉంచాలి. అది అయ్యేదాకా ఎవరూ నాగలి కట్టరు. నేను పుట్టినప్పుడే అరచేతిలో ఎర్రటి మచ్చ ఉందట. పెరిగే కొద్దీ అది కొట్టుకోవడం మొదలుపెట్టింది. మా నాన్న నా చెయ్యి పట్టుకుని చూసి, తల్లి వచ్చి ఈ చేతిలో కూర్చుంది అన్నాడు. ఆ మాట ఊరు నమ్మింది. నేనూ నమ్మాను. పిల్లల తల మీద నేను చెయ్యి ఉంచితే, వాళ్ళ తల్లులు వంగి నా వేళ్ళకు చెవి ఆనించి వినేవారు. కప్పు కూలితే కూలింది, ఆ చప్పుడు ఉంది కదా అని నేను నడుం వంచకుండా తిరిగాను.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. ఈమధ్య బీజాపూర్ బస్టాండులో ఒక తల్లి తన కూతురి మెడ వెనక కొట్టుకుంటున్న మచ్చను చూపించి, ఇది మంచి గుర్తేనా అని నన్ను అడిగింది. బస్సు కదిలే లోపల ఆమెకు చెప్పగలిగింది కొంచెమే. మిగతాది ఆమెలాంటి వాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పపువ్వు రాలే రోజులు

అప్పటికి ఉంగరపువేలి కొస మీద ఒక పుండు చాలాకాలంగా మానకుండా ఉంది. వేలు సన్నబడింది. కొస చల్లబడి నీలం తిరిగింది. అరచెయ్యి మాత్రం పొంగి, ఎప్పటికంటే గట్టిగా కొట్టుకునేది. రక్తనాళాలు చేతి వెనక తాళ్ళలా లేచాయి. నేను చేతి మీద తువ్వాలు వేసుకుని తిరగడం మొదలుపెట్టాను. ఎవరైనా అడిగితే ఎండ అన్నాను.

ఒక పొద్దున ఇప్పపువ్వు ఎత్తుతుంటే వెదురు బుట్ట చీలిక ఆ పుండుకు తగిలింది. రక్తం కారలేదు, చిమ్మింది. నా గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక్కొక్క ధారగా ఎదురుగా ఉన్న ఎండుటాకుల మీద పడింది. నాకు భయం కలగలేదు. ఇంత బలమా అని చూస్తూ నిలబడిపోయాను. నా భార్య రుక్మిణి పరుగెత్తుకొచ్చి పైటకొంగు చింపి వేలికి బిగించి కట్టింది. ఆ గుడ్డ తడిసింది. మళ్ళీ చింపింది.

"ఇంకెన్నాళ్ళు దాస్తరు? కొంగు మొత్తం మీ నెత్తురే అయింది."

"చిన్న గాయానికి ఊరంతా వినేటట్టు మాట్లాడకు."

"ఊరు వినాల్సిన చప్పుడు మీ చేతిల ఉంది గదా, నా మాట ఎవలు వింటరు," అంది ఆమె.

బాసగూడ ఆరోగ్య కేంద్రంలో సిస్టరు కట్టు విప్పి చూసి వెంటనే మళ్ళీ కట్టేసింది. "దొరగారూ, ఇది మా దగ్గర అయ్యే పని కాదు. రక్తనాళాల ఆపరేషన్ చేసే పెద్ద డాక్టర్ కావాలి. జల్దీ పోవాలె. ఇంకోసారి ఇట్లా చిమ్మితే ఆపుడు కష్టం," అంది.

పండుగ అయ్యాక వెళ్తానన్నాను. తొలి చెయ్యి పెట్టాల్సిన మనిషి ఆ చేతిని ముందే కోతకు ఇవ్వడం నాకు ఊహకు కూడా అందని సంగతి. మాకు పిల్లలు లేరు. నా తర్వాత ఆ చెయ్యి పెట్టడానికి మా ఇంట్లో ఇంకెవరూ లేరు.

విత్తనాల పండుగ

పండుగనాడు కట్టు విప్పేశాను. కట్టు కట్టిన చేతితో గింజలు ముట్టకూడదు. బుట్టల దగ్గర అంతా సవ్యంగానే జరిగింది. గద్దె దగ్గర ప్రతి ఏడూ కల్లు పోసే ముసలావిడ ముత్తమ్మ పక్కనే నిలబడి ఒక్కొక్క బుట్టను నా ముందుకు జరిపింది. ఆమె దొర్ల తెగ మనిషి. నా చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి.

మొదటి బిడ్డను తెచ్చారు. చెయ్యి తల మీద ఉంచాను. వాడి తల్లి వంగి విని, నవ్వి, లేచింది. ఆమె లేస్తుంటే నల్లపూసల గొలుసు నా వేలికి తగిలింది. అంతే. బిడ్డ నుదురంతా ఎర్రబడింది.

"తల్లి బొట్టు పెట్టింది," అన్నాడు ఎవరో. డోళ్ళ జోరు పెరిగింది. ఇంకొందరు తల్లులు తమ పిల్లల్ని ముందుకు తోశారు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మా తాత ఆ గద్దె ముందు ఎలా నిలబడేవాడని విన్నానో అలాగే నిలబడ్డాను. రెండో బిడ్డ నుదుటి మీద, మూడో బిడ్డ నుదుటి మీద రక్తం పడింది. అందరి ముఖాల్లో ఒక వెలుగు కనిపించింది. ఆ రోజు నేను అబద్ధం ఆడలేదు. వాళ్ళూ ఆడలేదు. మేమందరం కళ్ళారా చూస్తున్నదాన్నే నమ్మాం.

అప్పుడు రుక్మిణి మగవాళ్ళ వరసను తోసుకుని లోపలికి వచ్చింది. మా ఇంటి ఆడవాళ్ళు గద్దె దాకా రారు. వచ్చి, మొదటి బిడ్డను వాడి తల్లి చేతుల్లో నుంచి తీసుకుని, నుదురు తన కొంగుతో తుడిచింది.

"ఇది బొట్టు గాదు. మనిషి నెత్తురు. ఈయన చచ్చిపోతుండు, మీకు కనబడతలేదా?"

డోళ్ళు ఆగాయి. నాకు కోపంతో ఒళ్ళు మండింది. ఏదో అనబోయాను. నోరు తెరిచేసరికి గద్దె పక్కన ఉన్న రాళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కడం కనిపించింది. ఆ తర్వాత నాకు తెలియదు. నేను పడిపోయానని, ముత్తమ్మ నా మోచెయ్యి మీద మోకాలు పెట్టి కూర్చుని రక్తం ఆపిందని తర్వాత చెప్పారు.

నేను ఊరిముందు తలదించుకునేలా చేసిందని రుక్మిణితో చాలారోజులు మాట్లాడలేదు. ఆమె మాట్లాడమని అడగలేదు. గుట్ట ఎక్కి, సిగ్నల్ దొరికే చోట నిలబడి, బచేలిలో ఉన్న మా చెల్లెలి ఇంటికి ఫోన్ చేసింది.

బచేలి

మా చెల్లెలి భర్త శ్రీనివాసరావు ఇనుప గని కంపెనీలో మోటార్లు బాగుచేసే పని చేస్తాడు. విజయనగరం వైపు మనిషి. మా చెల్లెలు కమల తన ఇష్టంతో చేసుకున్న పెళ్ళి. ఆ ఇంటి గడప నేను అప్పటిదాకా తొక్కలేదు. అతను జీపు మాట్లాడుకుని మా ఊరికి వచ్చాడు. నేను దర్వాజా లోపల కుర్చీలో కూర్చుని లేవలేదు. అతను బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చి, నమస్కారం పెట్టి, నా చెయ్యి చూపించమని అడిగి, తన చేతుల్లోకి తీసుకున్నాడు. కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"బావగారూ, ఏటీ అనుకోకండి. మా కన్వేయరు మోటారుకి బేరింగ్ పోతే సరీగ్గా ఇలాగే మోగుతాదండి. పైకి బలంగా ఉన్నట్టే ఉంటాది. మేం వెంటనే బంద్ చేసేస్తాం."

మా నాన్న తల్లి కూర్చుందన్న చేతిని ఇతను మోటారుతో పోల్చాడు. వేరే రోజైతే బయటికి వెళ్ళమనేవాణ్ణి. ఆ రోజు లేచి నిలబడే బలం లేదు.

బచేలి క్వార్టరులో కమల నా ముందు కంచం పెట్టింది. చెల్లెలి ఇంట్లో అన్న తినకూడదన్నది మా నాన్న పెట్టుకున్న పట్టుదల. కుడిచేతికి కట్టు ఉంది. ఎడమచేత్తో తినడం నాకు చేతకాదు. ఆమె అన్నం కలిపి ముద్దలు చేసి కంచంలో వరసగా పెట్టి, నేను ఎడమచేత్తో తీసుకుంటే తన కళ్ళలో పడకూడదని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ ముద్దలన్నీ తిన్నాను.

మర్నాడు శ్రీనివాసరావు తోడు రాగా విశాఖపట్నం రైలెక్కాం. సొరంగాల్లో చీకటి కమ్మినప్పుడల్లా రైలు చప్పుడు, నా చేతి చప్పుడు కలిసిపోయేవి. బయటికి వచ్చాక మళ్ళీ నాది వేరుగా వినిపించేది. ఎదురు సీటులో రుక్మిణి నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుని ఉంది. రైలు కుదిపినప్పుడల్లా ఆమె చెయ్యి నా కట్టు మీదికి వచ్చి, తడి ఉందేమో చూసి, వెనక్కి వెళ్ళేది.

విశాఖ

ఆ ఆసుపత్రి వరండాలో మమ్మల్ని ఎరిగినవాళ్ళు ఎవరూ లేరు. అటెండరు తలుపు తెరిచి "బస్తర్ తాత, బస్తర్ తాత ఎవరండీ" అని పిలిచేవాడు. మొదటిసారి నేను లేవలేదు. నన్నే పిలుస్తున్నాడని తెలిసినా లేవలేదు. రెండోసారి రుక్మిణి మోచేత్తో పొడిచింది. బెంచీల నిండా కట్లు కట్టుకున్న కాళ్ళు, మెడకు తగిలించుకున్న చేతులు. ఒకరి నీళ్ళ సీసా ఇంకొకరు తాగుతున్నారు. ఒకరి పిల్లవాడు ఇంకొకరి ఒళ్ళో నిద్రపోతున్నాడు. అక్కడ ఎవరూ ఎవరి ఇంటిపేరూ అడగలేదు. ఎక్కడ నొప్పి అని మాత్రం అడిగారు. కొన్ని పూటలు అలా కూర్చున్నాక, అటెండరు పిలవగానే లేవడం నేర్చుకున్నాను.

ఆపరేషన్ చేసే డాక్టరమ్మ నెమ్మదిగా మాట్లాడే మనిషి. పెన్సిలంత పరికరం ఒకటి నా అరచేతికి ఆనించింది. గది నిండా శబ్దం పుట్టింది. వరద వచ్చిన తాలిపేరు ఒడ్డున నేల మీద చెవి పెడితే వినిపించే హోరు అది. అప్పటిదాకా నేనొక్కణ్ణే, లేదా చెవి ఆనించిన తల్లులే విన్న చప్పుడు, ఆ గదిలో ఉన్న అందరికీ వినిపించింది.

తర్వాత రంగు మందు ఎక్కించి ఫోటోలు తీశారు. చెయ్యి లోపల వేడినీళ్ళు పోసినట్టయింది. డాక్టరమ్మ ఆ ఫోటో తెర మీద చూపించింది. ఎముకల మధ్య ఎన్నెన్నో వాగులు మెలికలు తిరిగి ఒకదానిలో ఒకటి కలుస్తున్నాయి. దేన్నీ లెక్కపెట్టలేను. నా చేతిలో అంత పెద్ద అడవి ఉందని నాకు తెలియదు. అంత అందమైన దాన్ని నేను అంతకుముందు చూడలేదు.

"ఇది పుట్టుకతోనే వచ్చిందండి. మీరు చేసిన తప్పేం లేదు," అంది ఆమె. "మీకు పొలం ఉందా?"

"ఉంది."

"కాలువ నీళ్ళు పొలంలోకి పారి, మిగిలింది మురుక్కాలవలోకి పోవాలి కదా. మీ చేతిలో గట్టు లేదు. కాలువ నేరుగా మురుక్కాలవలో పడుతోంది. ఆ హోరంతా అదే. నీళ్ళు బోలెడు వస్తున్నాయి, పొలం మాత్రం ఎండిపోతోంది. ఈ వేలు అలాగే ఎండింది. ఇంత రక్తం తిప్పాలంటే మీ గుండె కూడా అలిసిపోతోంది."

ఆ మాట విన్నాక మా ఇల్లు గుర్తొచ్చింది. ఎందుకో చెప్పలేను.

"చప్పుడు ఉంచి, పుండు మాత్రం మాన్పలేరా?" అని అడిగాను.

ఆమె నవ్వలేదు. ఎందుకలా అడుగుతున్నారంది. చెప్పాను. గద్దె, బుట్టలు, పిల్లలు, అన్నీ చెప్పాను. మొత్తం విన్నది. అంతా విని, తన మెడలో ఉన్న గొట్టం తీసి నా చెవులకు పెట్టి, దాని కొస నా అరచేతి మీద ఉంచింది.

"వినండి. ఎంతసేపు కావాలంటే అంతసేపు వినండి. ఆపరేషన్ అయ్యాక ఇది ఉండకూడదు. ఉందంటే నా పని సరిగా కానట్టే. ఉంగరపువేలి కొస దక్కదు. మిగతా చెయ్యి దక్కించడానికి చూస్తాం. ఇది మొండి జబ్బు, మళ్ళీ రాదని మాట ఇవ్వలేను. ఆలోచించుకుని రండి."

వరండాలో కూర్చున్నాను. చప్పుడు తీయించుకుని ఊరికి వెళ్తే నేనెవరు అన్నది నన్ను పట్టుకున్న భయం. చావు భయం దాని తర్వాతే వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. శ్రీనివాసరావు టీ తెచ్చి పక్కన పెట్టి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. రుక్మిణితో పండుగ తర్వాత మొదటిసారి మాట్లాడాను.

"చప్పుడు పోతే తొలి చెయ్యి ఇంకెవరి ఇంటికో పోతుంది."

"పోనీయండి."

"నీకు బాధ లేదా?"

ఆమె టీ గ్లాసు నా ఎడమచేతిలో పెట్టింది. "నేను చప్పుడును పెండ్లి చేసుకున్ననా? పెండ్లి పీటల మీద మీ చెయ్యి పట్టుకున్నప్పుడు కాలుతుంటే జ్వరమేమో అనుకున్న. ఇన్నేండ్లుగా అదే అనుకుంటున్న. నా మాట ఎవలడిగిన్రు?"

టీ తాగి లోపలికి వెళ్ళి సరే అన్నాను.

వానలు పట్టిన రోజులు

ముందుగా సన్నని తీగ లోపలికి పంపి కొన్ని నాళాలు మూశారు. ఆ మర్నాడు ఆపరేషన్. భుజం దగ్గర సూది వేసి చెయ్యి ఒక్కటే మొద్దుబారేలా చేశారు. నాకు మెలకువ ఉంది. మధ్యలో గుడ్డ కట్టారు కాబట్టి ఏమీ కనిపించదన్నారు. కానీ పైన పెద్ద దీపం అంచు మెరుస్తున్న లోహం. అందులో చిన్నగా, వంగి, నా చెయ్యి కనిపించింది. పుస్తకంలా తెరిచి ఉంది.

చూడకూడదని తల తిప్పుకున్నాను. మళ్ళీ చూశాను. డాక్టరమ్మ ఒక్కొక్క నాళాన్ని చుట్టూ ఉన్నవాటి నుంచి విడదీసి, దారంతో కట్టి, తర్వాత కోస్తోంది. తొందర లేదు. ఒక సన్నని తెల్లటి పోగు దగ్గర చాలాసేపు ఆగింది. "ఇది నరం. దీన్ని ముట్టుకోవద్దు. ఈయన గింజలు పట్టుకోవాలి," అంది పక్కనున్న వాళ్ళతో. నేను వింటున్నానని ఆమె అనుకోలేదు. నా కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారాయి. తల దగ్గర కూర్చున్న మత్తు డాక్టరు నొప్పా అని అడిగాడు. కాదన్నాను. అతను దూదితో చెవి తుడిచాడు.

చివర్లో, భుజం దగ్గర రక్తాన్ని ఆపి ఉంచిన పట్టీని వదులు చేశారు. అందరూ చేతులు ఎత్తేసి చూస్తూ నిలబడ్డారు. దీపం అంచులో నా వేళ్ళు తెల్లగా, మైనంతో చేసినట్టు ఉన్నాయి. చూస్తుండగా చిటికెనవేలు రంగు మారింది. తర్వాత మధ్యవేలు. అప్పుడే పుట్టిన బిడ్డ వేళ్ళకుండే రంగు. ఏళ్ళ తరబడి నా చిటికెనవేలు బూడిద రంగులో ఉండేది. దాని రంగే అది అనుకున్నాను.

"పొలానికి నీళ్ళెక్కాయండీ," అంది డాక్టరమ్మ, గుడ్డ అవతల నుంచి.

ఆ మనుషులు ఎవరో, ఏ ఊరివాళ్ళో నాకు తెలియదు. వాళ్ళకు నేనెవరో తెలియదు. దండం పెట్టాలనిపించింది. రెండు చేతులూ ఖాళీగా లేవు. కళ్ళు మూసుకుని పెట్టుకున్నాను.

వార్డు

చప్పుడు పోయింది. రోడ్డు మీద వాహనాలు వినిపించేవి, ఫ్యాను వినిపించేది, చెయ్యి మాత్రం వినిపించేది కాదు. అది ఉందో లేదో చూసుకుంటే తప్ప తెలిసేది కాదు. పుట్టినప్పటి నుంచీ పక్కన ఉన్న మనిషి లేచి వెళ్ళిపోయినట్టుండేది. ఎవరికైనా ఈ ఆపరేషన్ అయితే ఆ నిశ్శబ్దానికి భయపడకండి. దానికి అలవాటు పడడానికి నాకు గాయం మానడం కంటే ఎక్కువ కాలం పట్టింది.

పక్క మంచం మీద అప్పలరాజు అనే భీమిలి వైపు జాలరి ఉండేవాడు. పడవ ఇంజను తాడు చుట్టుకుని ఎడమచెయ్యి విరిగింది. మగవాళ్ళ వార్డులోకి రుక్మిణిని కొన్ని వేళల్లోనే రానిచ్చేవారు. మొదటి రోజు నేను ఒంటిచేత్తో లుంగీ కట్టుకోవడానికి పడుతున్న అవస్థ చూసి అతను లేచి వచ్చాడు.

"ఏటండీ దొరగారూ, అలా పెనుగులాడతన్నారు? మీకు ఎడమది ఉంది, నాకు కుడిది ఉంది. ఇద్దరం కలిస్తే ఒక మనిషి. ఒగ్గండి, ఆ కొస నాకివ్వండి."

"నేను దొరనని నీకెవరు చెప్పారు?"

"నడుం వంచకుండా పడుకున్నోణ్ణి ఇంకేటి పిలుస్తారండీ."

చాలా రోజుల తర్వాత నవ్వాను. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ కలిపి రెండు చేతులు. నేను బత్తాయి పట్టుకుంటే అతను తొక్క తీసేవాడు. అతను సీసా పట్టుకుంటే నేను మూత తిప్పేవాణ్ణి. అతని లుంగీ ముడి నేను, నా లుంగీ ముడి అతను. ఇంటికి పంపిన రోజు నా చొక్కా గుండీలు అతనే పెట్టాడు. చివరి గుండీ నన్ను పెట్టుకోమని వదిలేశాడు. అది పెట్టడానికి చాలాసేపు పట్టింది. అందరూ ఆగారు.

తిరిగి ఊళ్ళో

బచేలిలో కమల ఇంట్లో చలికాలం దాకా ఉండి, నెలకోసారి విశాఖ వెళ్ళి వచ్చాం. వేళ్ళు వంగడానికి గింజలు ఏరమన్నారు. పళ్ళెంలో బియ్యం, శనగలు కలిపి పోసి కమల ముందు పెట్టేది. ఏరుతూ ఉంటే శ్రీనివాసరావు డ్యూటీ నుంచి వచ్చి, "బావగారూ, ఇవాళ ప్రొడక్షన్ ఎంతండీ" అని అడిగేవాడు. నేను జవాబు చెప్పేవాణ్ణి. ఒకప్పుడైతే చెప్పేవాణ్ణి కాను.

ఊరికి వచ్చాక పండుగ దగ్గరపడుతున్న కొద్దీ నిద్ర తగ్గింది. ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ చెయ్యి వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకునేవారు. కొత్తగా బిడ్డను కన్న ఆడవాళ్ళు మా ఇంటి ముందు నుంచి వెళ్తుంటే నేను లోపలికి వెళ్ళేవాణ్ణి. ఒకరు చెప్పే లోపల నేనే చెప్పి తప్పుకోవాలని నిర్ణయించుకున్నాను. తొలి చెయ్యిని మా ఇంటి నుంచి లాక్కున్నారన్న మాట రాకూడదు, మేమే ఇచ్చేశామన్న మాట ఉండాలి.

పండుగనాడు గద్దె ముందు నిలబడి చెయ్యి పైకెత్తి అందరికీ చూపించాను. మచ్చ, కుట్ల గీతలు, కొస లేని ఉంగరపువేలు.

"ఇందులో చప్పుడు లేదు. అది జబ్బు. డాక్టర్లు తీసేశారు. తల్లి ఇందులో ఉందని మా నాన్న అన్నాడు. ఉంటే ఇప్పుడు ఎక్కడికి వెళ్ళిందో నాకు తెలియదు. ఇకనుంచి తొలి చెయ్యి ఊరు ఎవరిది అంటే వారిది."

రుక్మిణి ఆడవాళ్ళ వరసలో తల ఎత్తి నన్నే చూస్తోంది. ముత్తమ్మ కల్లు ముంత కింద పెట్టింది.

"ఏంది దొరా, ఇత్తులు నీ చప్పుడు ఇని మొలుస్తయా?" అంది. "మీ తాతకు చప్పుడున్నదా? మీ అయ్యకున్నదా? గా నడుమ నీకొచ్చింది, పోయింది. చెయ్యి పెట్టు. పొద్దెక్కుతాంది, కల్లు పులుస్తాంది."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వరస చివరి దాకా పాకింది. మా తాతకు చప్పుడు లేదు. మా నాన్నకూ లేదు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. నాకూ తెలుసు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని గుర్తు చేసుకోవాలని నాకు తోచలేదు.

మొదటి బుట్టలో చెయ్యి పెట్టాను. వడ్లు. చల్లగా ఉన్నాయి. వాటి మొనలు ఒక్కొక్కటీ వేళ్ళకు గుచ్చుకున్నాయి. ఆ చెయ్యి ఎప్పుడూ తన హోరులో తాను ఉండేది. గింజ చల్లదనం దానికి ఎన్నడూ అందలేదు. కొర్రలు, మినుములు, జొన్నలు, ఏ బుట్ట ఏదో కళ్ళు మూసుకుని చెప్పగలిగాను. తొందరపెట్టినా తొందరగా తీయలేకపోయాను.

తర్వాత ఒక బిడ్డను తెచ్చారు. ఆడపిల్ల. కొన్ని నెలలది. మాడు ఇంకా గట్టిపడలేదు. చెయ్యి మెల్లగా ఆ తల మీద ఉంచాను. అరచేతి కింద ఏదో కదిలింది. మెత్తగా, చిన్నగా, మళ్ళీ మళ్ళీ. నా జబ్బు తిరిగి వచ్చిందేమోనని చెయ్యి కొంచెం పైకెత్తాను. ఆగిపోయింది. మళ్ళీ ఉంచాను. మళ్ళీ కొట్టుకుంది.

ఎంతమంది పిల్లల తలల మీద చెయ్యి ఉంచానో. అందరి మాడులూ ఇలాగే కొట్టుకుని ఉంటాయి.

బిడ్డ తల్లి అలవాటు కొద్దీ వంగి నా వేళ్ళకు చెవి ఆనించింది. కాసేపు ఆగింది. తల ఎత్తి నా ముఖంలోకి చూసింది.

"ఏం ఇనబడతలేదు దొరా."

"నాకు తెలుస్తోందమ్మా," అన్నాను. "నీ బిడ్డది."

ఆమె చెయ్యి తీసుకుని, నా చెయ్యి ఉన్న చోటే ఉంచాను.